ధనదిబ్బల్లో దొరికే ధనం

(మా పిఠాపురం విలేఖరి)

పిఠాపురానికి పొరుగున గొల్లప్రోలు మండలంలో కొడవలి అనే గ్రామం ఉంది. అక్కడి పాత దిబ్బలను జనం తరతరాలుగా ధనదిబ్బలు అని పిలుస్తున్నారు. పేరు వినగానే ఎవరికైనా లంకెబిందెలే గుర్తుకు వస్తాయి. అక్కడ ఏడు బిందెల బంగారం ఉందని, నాగుపాము కాపలా కాస్తోందని ఈ విలేఖరి కూడా చిన్నతనంలో విన్నవాడే.

ఇటీవల ఆ దిబ్బల వైపు వెళ్లినప్పుడు దారిలో గేదెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆపి అడిగాడు.

"ఏం బాబూ, ధనం కోసం వచ్చేరా?"

"కాదండి, పేపర్లో రాద్దామని వచ్చేనండి" అన్నాను.

"రాయండి బాబూ. ధనం ఎవరికీ దొరికినట్టు లేదు గానీ, దిబ్బ మాత్రం మిగిలింది" అని నవ్వి ఆయన గేదెల వెంట వెళ్లిపోయాడు.

ఆ పెద్దాయన మాటలో సగమే నిజం. అక్కడ ధనం ఉంది. అది తవ్వితే వచ్చేది కాదు. ఈ వ్యాసం ఆ ధనం గురించే.

దిబ్బల కింద ఏముంది?

ధనదిబ్బల్లో ఉన్నవి బౌద్ధ కట్టడాల శిథిలాలు. భారత పురావస్తు శాఖ వీటిని రక్షిత స్థలాల జాబితాలో చేర్చింది. కొడవలిలో దొరికిన ప్రాకృత శాసనం శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర చండశాతి ఏలుబడిలో రెండవ సంవత్సరం నాటిది. క్రీస్తు శకం 3వ శతాబ్దం తొలి రోజులదని పండితుల అంచనా. అంటే సుమారు 1800 ఏళ్ల కిందటి మాట. సముద్రగుప్తుని అలహాబాదు శాసనంలో పిష్టపురం పేరుతో మన పిఠాపురం కనిపించడానికి కూడా ముందటి సంగతి.

మన గోదావరి సీమలో ఇదొక్కటే కాదు. కోనసీమలో మామిడికుదురు మండలం ఆదుర్రులో దుబరాజు గుడి అని పిలిచే దిబ్బ కూడా బౌద్ధ స్థలమే. ఏలూరు జిల్లాలో జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి కొండల్లో రాతిని తొలిచి చేసిన చైత్యం, భిక్షువుల గుహలు ఈనాటికీ చూడవచ్చు. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశంలో ఇరవై వరకు సంఘారామాలు, 3000 మంది దాకా భిక్షువులు ఉన్నట్టు రాసిపెట్టాడు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. భిక్షువులు బంగారం, వెండి ముట్టరాదన్నది బుద్ధుడు పెట్టిన నియమం. ఆయన పోయిన వంద సంవత్సరాలకు, కొందరు భిక్షువులు బంగారం, వెండి పుచ్చుకుంటున్నారని తగాదా వచ్చి వైశాలి నగరంలో పెద్ద సభ జరిగింది. అది తప్పేనని సభ తేల్చింది. అలా ధనం ముట్టమని వ్రతం పట్టినవాళ్ల చోటుకు మన జనం ధనదిబ్బ అని పేరు పెట్టారు.

పాత దిబ్బలు తవ్వితే నిధి దొరుకుతుందన్న ఆశ మన రాష్ట్రంలో ఇంకా చావలేదు. అర్ధరాత్రి పూజలు, గోతులు, చివరికి పోలీసు కేసులు. రక్షిత స్థలంలో తవ్వకం 1958 నాటి పురావస్తు చట్టం ప్రకారం నేరం. 2010లో చేసిన సవరణ తరువాత రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నిజంగా నిధి దొరికినా 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలసిందే. బంగారం దొరకదు సరికదా, పగిలిన ఇటుకతో పాటు మన ఊరి చరిత్ర పోతుంది.

నీరు ముంచలేని సొమ్ము

బుద్ధుని దగ్గరకు ఉగ్గుడు అనే మంత్రి ఒకసారి వచ్చి, తమ పట్నంలో ఒక షావుకారుకు లెక్కలేనంత బంగారం ఉందని గొప్పగా చెప్పాడట. బుద్ధుడు అది ధనం కాదనలేదు. అయితే దాన్ని నిప్పు కాల్చగలదు, నీరు ముంచగలదు, రాజు లాక్కోగలడు, దొంగ ఎత్తుకుపోగలడు, మనసు కలవని వారసులు పంచుకోగలరు అన్నాడు. ఈ అయిదింటికీ అందని ధనాలు ఏడు ఉన్నాయని చెప్పాడు. శ్రద్ధ, శీలం, తప్పు చేయడానికి సిగ్గు, తప్పు చేయడానికి భయం, పెద్దల వద్ద విన్న విద్య, ఇచ్చే గుణం, ప్రజ్ఞ.

నీరు ముంచగలదన్న మాట మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద వచ్చి పిఠాపురం, గొల్లప్రోలు మండలాల్లో వరి చేలు మునిగిపోయాయి. ఆ వరదలో ఏం పోయిందో ప్రతి రైతుకూ తెలుసు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఆ వరదలో మా అన్నయ్య చేనుకూ నా చేనుకూ మధ్య ఉన్న గట్టు కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక అన్నయ్య మనుషులను పెట్టి గట్టు వేయించాడు. చూస్తే అది నా వైపు ఒక మూర జరిగినట్టు అనిపించింది. నేను పార పట్టుకుని వెళ్లి, నలుగురు కూలీల ఎదుట అన్నయ్యను దొంగ అన్నాను. నాన్న పోయాక నన్ను ఇంటర్ దాకా చదివించింది ఆ అన్నయ్యే. ఆయన మారుమాట్లాడకుండా తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ సంక్రాంతికి రెండిళ్ల వాళ్లం ఒక విస్తరి ముందు కూర్చోలేదు.

వరద తీసుకుపోయింది మూరెడు మట్టి. మిగతాది నేను పోగొట్టుకున్నాను.

రోహిణి నీళ్ల తగాదా

కాలువ నీటి కోసం తలలు పగలడం మన ప్రాంతానికి కొత్త కాదు. బుద్ధుని కాలంలోనూ ఇదే గొడవ. శాక్యులకు, కోలియులకు మధ్య రోహిణి నది ఉండేది. ఒకటే ఆనకట్ట, రెండు వైపులా చేలు. ఒక ఏడు ఎండలకు నీరు తగ్గింది. మా పైరు ఒక్క తడితో పండుతుంది, నీళ్లు మాకే కావాలని రెండు పక్షాలూ పట్టుపట్టాయి. మొదట కూలీలు తిట్టుకున్నారు. తరువాత కొట్టుకున్నారు. చివరికి రాజులే కత్తులు పట్టుకుని గట్టెక్కారు. రెండు వైపులా బుద్ధుని చుట్టాలే.

బుద్ధుడు మధ్యకు వచ్చి తగాదా దేనికని అడిగాడు. రాజులకు సరిగ్గా తెలియదు. సేనాపతిని అడిగారు. అలా అడుగుతూ పోగా చివరికి కూలీలు చెప్పారు, నీళ్లకని. నీటి విలువ ఎంత, మనిషి నెత్తుటి విలువ ఎంత అని బుద్ధుడు అడిగాడు. నీటి విలువ కొంచెమే అని వాళ్లే ఒప్పుకున్నారు. కత్తులు దిగాయి.

ఈ కథలో మనకు పనికివచ్చే మాట ఒకటుంది. కత్తి పట్టినవాడికి తాను దేనికి పట్టాడో గుర్తు లేదు. నా పార సంగతీ అంతే. ఏలేరు కాలువల కింద గానీ, పిఠాపురం బ్రాంచి కాలువ శివారున గానీ నీటి వంతు దగ్గర మాట తూలిన ప్రతివాడి సంగతీ అంతే.

నాగలి లేని రైతు

బౌద్ధంలో ధ్యానం అంటే ముక్కు మూసుకుని అడవిలో కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. అసలు విషయం అది కాదు. పాళీ భాషలో సతి అంటారు. మన తెలుగులో ఎరుక అంటే సరిపోతుంది. ఇప్పుడు నేను ఏం చేస్తున్నాను, నా మనసులో ఏం నడుస్తోంది అని తెలిసి ఉండడమే ఎరుక. నడిచేటప్పుడు నడక తెలియాలి. తినేటప్పుడు తిండి తెలియాలి. కోపం వచ్చినప్పుడు కోపం వచ్చిందని తెలియాలి.

దీన్ని బుద్ధుడు ఒక రైతుకు రైతు భాషలోనే చెప్పాడు. భారద్వాజుడనే పెద్ద రైతు విత్తనాల వేళ అయిదు వందల నాగళ్లు కట్టించి పనివాళ్లకు అన్నం పెట్టిస్తున్నాడు. బుద్ధుడు భిక్షకు వచ్చి నిలబడ్డాడు. నేను దున్ని, విత్తి తింటున్నాను, నువ్వూ దున్ని తినరాదా అని రైతు ఎత్తిపొడిచాడు. నేనూ దున్నుతున్నాననే బుద్ధుడు జవాబిచ్చాడు. నీ కాడి ఏది, కర్రు ఏది అని రైతు అడిగాడు. శ్రద్ధ విత్తనమని, ప్రజ్ఞ కాడీ నాగలీ అని, ఎరుక తన కర్రు, ములుకోల అని బుద్ధుడు వివరించాడు.

దున్నినవాడికి ఈ మాట వెంటనే తెలుస్తుంది. కర్రు దిగకపోతే ఎన్ని చాళ్లు తోలినా పైమట్టే గీసుకుపోతుంది. ములుకోల లేకపోతే ఎద్దు పక్క చేలో పడుతుంది. మనసూ అంతే.

తిట్టు ఎవరిది?

ఒక బ్రాహ్మణుడు కోపంతో బుద్ధుని ఇంటి మీదికి వచ్చినట్టు వచ్చి నోటికి వచ్చినట్టు తిట్టాడు. అంతా విని బుద్ధుడు, మీ ఇంటికి చుట్టాలు వస్తారా, పిండివంటలు పెడతారా, వాళ్లు తినకపోతే అవి ఎవరివి అని అడిగాడు. మావే అన్నాడాయన. నీ తిట్లు కూడా నేను పుచ్చుకోలేదు, నీవే అని బుద్ధుడు చెప్పాడు.

ఇది వినడానికి సులువు. పుచ్చుకోకుండా ఉండడానికి ఒక్క క్షణం తీరిక కావాలి. ఆ క్షణం సంపాదించడం కోసమే ఎరుక సాధన. కోపం ముందు మాటగా రాదు. ముందు చెవులు వేడెక్కుతాయి. గుండె బిగుస్తుంది. చేతిలో ఏది ఉంటే దాన్ని వేళ్లు గట్టిగా పట్టుకుంటాయి. మాట ఆ తరువాతే జారుతుంది. చెవులు వేడెక్కినప్పుడే పట్టుకోగలిగితే మాట నోట్లో ఆగుతుంది.

రాబడి నాలుగు వాటాలు

సంసారులకు బుద్ధుడు సన్యాసం చెప్పలేదు. సింగాలుడు అనే ఇంటిపట్టు కుర్రవాడికి ఆయన చెప్పిన హితవు పంచాయతీ అరుగు మీద చదివి వినిపించదగ్గది. ఆస్తి కరిగిపోయే దారులు ఆరు అన్నాడు. తాగుడు, వేళగాని వేళ వీధుల్లో తిరుగుడు, ఆటపాటల పిచ్చి, జూదం, చెడు స్నేహం, సోమరితనం. సంక్రాంతికి కోడి పందేల బరిలో ఎకరం అమ్మిన డబ్బు పెట్టినవాళ్ల కథలు మన ఊళ్లలో కొత్త కాదు. వాటికి ఇరవై అయిదు వందల ఏళ్ల కిందటి జవాబిది.

రాబడిని నాలుగు వాటాలు వేయమన్నాడు. ఒక వాటా ఇంటి అనుభవానికి. రెండు వాటాలు వృత్తిలో మదుపుకు. నాలుగో వాటా ఆపదకు దాచుకోవాలి. కౌలు, ఎరువులు, వడ్డీ పోగా నాలుగు వాటాలకు మిగిలేది ఎక్కడ అని రైతు అడుగుతాడు. ఆ మాట నిజమే. అయితే వాటా చిన్నదైనా ఆపద కోసం కొంత పక్కన ఉండాలన్న సూత్రం వరద చూసినవాడికి విడమరిచి చెప్పాలా?

అదే హితవులో కూలీల మాట కూడా ఉంది. పని పెట్టేవాడు మనిషి ఓపికను బట్టి పని చెప్పాలి, కూలీ తిండీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, ఇంట్లో మంచి వంటకం చేస్తే పంచాలి, వేళకు వదిలిపెట్టాలి. పని చేసేవాడు నమ్మకంగా చేయాలి. శాంతంగా ఉండమని ఒక్క పేదవాడికే చెప్పి, ఉన్నవాడిని వదిలేసే బోధ కాదిది. నాట్ల కాలంలో ఆడకూలీల చేత పొద్దు వాలినా పని చేయించే ఆసామి కళ్లు మూసుకుని ఎంతసేపు ధ్యానం చేసినా, ఈ లెక్కన ఒక్క మెట్టు ఎక్కినట్టు కాదు.

1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ అంబేద్కర్ లక్షల మందితో బౌద్ధం స్వీకరించినప్పుడు చేయించిన ప్రతిజ్ఞల్లో తాగుడు మానడం, దొంగతనం చేయకపోవడం, అబద్ధమాడకపోవడం ఉన్నాయి. మనుషులంతా సమానమన్న మాటా ఉంది. మన గోదావరి పల్లెల్లో ఆయన విగ్రహానికి దండ వేసేవారు ఈ సంగతి కూడా తలుచుకోవడం మంచిది.

గట్టు మీద పది ఊపిరులు

పద్ధతిగా నేర్చుకోదలచినవారికి ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. బర్మా నుంచి 1969లో ఈ విద్యను తిరిగి మన దేశానికి తెచ్చిన ఎస్.ఎన్. గోయెంకా పద్ధతి అక్కడ నేర్పుతారు. పది రోజుల శిక్షణ. రుసుము లేదు. అంతకుముందు నేర్చుకున్నవారు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. తెల్లవారుజామున 4 గంటలకు లేవాలి, మౌనం పాటించాలి, పంచశీల తప్పరాదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి రాకపోకలు గమనించడమే పని.

కానీ పది రోజులు గొడ్డూ గోదా వదిలి వెళ్లగలిగేవాళ్లు ఎంతమంది? నేనూ వెళ్లలేకపోయాను. కొడవలి నుంచి వచ్చాక మాత్రం ఒక చిన్న అలవాటు పెట్టుకున్నాను. పొద్దున్నే చేనుకు వెళ్లి, పని మొదలుపెట్టే ముందు గట్టు మీద కూర్చుని పది ఊపిరులు లెక్కపెడతాను. గాలి లోపలికి వస్తోంది, బయటికి పోతోంది, అంతే. మొదట్లో నాలుగు దాటేసరికి మనసు యూరియా బస్తాల దగ్గరకో, బ్యాంకు అప్పు దగ్గరకో పోయేది. పోయిందని తెలిసినప్పుడు తిట్టుకోకుండా మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టాలి. కట్టు విప్పుకున్న దూడను తెచ్చి మళ్లీ కట్టినట్టే.

ఆడవాళ్లకు గట్టు లేదనుకోనక్కరలేదు. పొయ్యి మీద పాలు పొంగేదాకా నిలబడే ఆ అయిదు నిమిషాలు చాలు. పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు సెల్‌ఫోన్ పక్కన పెట్టి, ముద్ద వైపు, బిడ్డ మొహం వైపు చూడడమూ సాధనే. దీనికి దీక్షా వస్త్రాలు వద్దు. మన కుక్కుటేశ్వరుని దర్శనం మానుకోనక్కరలేదు. పాదగయలో పెద్దలకు పిండం పెట్టేవాడూ, చర్చికి, మసీదుకు పోయేవాడూ ఊపిరి పీల్చేవాళ్లే కదా.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి కలిగి బాధపడేవారికి ఇది మందు కాదు. అలాంటివారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఇంటివారి ధర్మం.

మూరెడు మట్టి

కొన్ని వారాలు ఇలా గడిచాక ఒక ఉదయం అన్నయ్య అవతలి మడిలో కనిపించాడు. వెంటనే నా చెవులు వేడెక్కాయి. వేడెక్కాయని తెలిసింది. పది దాకా లెక్కపెట్టాను. లెక్క పూర్తయ్యేసరికి ఒక సంగతి తట్టింది. గట్టు జరిగిందని నేను అనుకున్నానే గాని కొలిచి చూడలేదు. కొలవకుండా దొంగ అన్నాను. పంచశీలలో నాలుగోది అబద్ధమాడరాదని. తెలియనిది తెలిసినట్టు చెప్పడం దానికి ఎంత దూరం?

వెళ్లి గట్టుకు ఇవతలే నిలబడ్డాను.

"అన్నయ్యా, ఆ రోజు నలుగురిలో ఆ మాట అనకూడదు. తప్పయిపోయింది" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గట్టు సంగతేట్రా? సర్వేయర్ని పిలుద్దామా?" అన్నాడు.

"పిలుద్దాంలే. ముందు ఇంటికొచ్చి కాఫీ తాగు. మీ మరదలు రోజూ అడుగుతోంది" అన్నాను.

సర్వేయర్ని ఇంతవరకు పిలవలేదు. గట్టు అటు మూర పడిందో ఇటు మూర పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ ఏడు దాని మీద ఇద్దరం కలిసి కందులు వేశాం.

కొడవలి దిబ్బల వైపు వెళ్లేవారు గునపం ఇంటి దగ్గర పెట్టి వెళ్లాలని మనవి. బడి పంతుళ్లు పిల్లలను ఒక పూట అక్కడికి తీసుకువెళ్లి, ఈ ఊరి మట్టి మీద ఎలాంటి మనుషులు నడిచారో చెబితే బాగుంటుంది. అప్పుడు ఆ గేదెల పెద్దాయన మళ్లీ ధనం కోసం వచ్చేరా అని అడిగితే, అవునండి అని పిల్లలు చెప్పవచ్చు.